ముందు వరసకి వినపడకూడదు

డబ్బింగ్ థియేటర్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలి వచ్చి నన్ను పలకరించిపోతుంటారు. "మేడమ్, మీరు మద్రాసులో ఏం చేసేవారు?" అంటారు. మాట అందించేదాన్ని అంటాను. వాళ్ళ మొహాలు తెల్లబోతాయి. రైటరా? కాదు. డైరెక్టరా? కాదు నాయనా. పోనీ, గొంతు ఇచ్చేవారా? అదీ కాదు. నటుడికి మాట తట్టనప్పుడు, తట్టలేదని జనం పసిగట్టేలోపే ఆ మాట అతని చెవిన వేసేదాన్ని. నాటకంలో దాన్ని ప్రాంప్టింగ్ అనేవారు. డబ్బింగుకి వచ్చాక దానికో పేరు కూడా లేకుండా పోయింది. పోస్టరు మీద ఎలాగూ ఉండదు.

ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. ఎక్కడ ఎన్నేళ్ళు చేశాను, ఎవరెవరు శాలువా కప్పారు అనేవి రాయను. చదివేవాళ్ళకి ఆవలింతలొస్తాయి, రాసేదానికి గొప్పలొస్తాయి. నాకు పనిలో నిజంగా పనికొచ్చిన రెండు మూడు సంగతులూ, ఈ మధ్యే జరిగిన ఒక సంగతీ చెబుతాను. ఆ చివరిదాని కోసమే మిగతావన్నీ చెబుతున్నానని ఇప్పుడే అనేస్తే నాకూ మీకూ హాయి.

శేషయ్య మామ చెవులు

మాది రేపల్లె. మా నాన్న హార్మోనియం వాయించేవాడు. తెనాలిలో కోటయ్య గారని ఒకాయన నాటక సమాజం నడిపేవారు, నాన్న అందులో ఉండేవాడు. ఆ సమాజానికి ప్రాంప్టరు శేషయ్య మామ. ఎంత పెద్ద నాటకమైనా ఆయనకి కంఠతా వచ్చు. పాపం, వయసు మీద పడి చెవులు మందగించాయి. తన గొంతు తనకే సరిగ్గా వినపడక దాన్ని పెంచుకుంటూ పోయాడు.

అమృతలూరులో ఆట. రాజు సింహాసనం మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. పక్కతెర వెనకనుంచి శేషయ్య మామ, "మంత్రీ, ఏమి ఈ విపరీతము!" అని వేశాడు. రాజు నోరు తెరిచేలోపే ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, "మంత్రీ, ఏమి ఈ విపరీతము!" అని రాగం తీసి మరీ చెప్పేశాడు. పందిరంతా గొల్లుమంది. మంత్రి వేషగాడు ఎవరికి జవాబు చెప్పాలో తెలీక ఆ పెద్దాయనకే దణ్ణం పెట్టాడు.

మర్నాడు కోటయ్య గారు నాన్నతో, "మీ అమ్మాయి గబగబా చదువుద్దిగా, తీసుకురా" అన్నారట. అలా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన నాకు చెప్పిన పాఠమంతా ఒక్క ముక్క. "అమ్మాయ్ కృష్ణవేణీ, నీ మాట యాక్టరు చెవికి చేరాల. ముందు వరసకి వినపడకూడదు. వినపడిందా, పొద్దున్నే రేపల్లె బండెక్కేయ్."

ఆయన మోటు మనిషి. తిట్టని రోజు లేదు. కానీ ఆ ఒక్క ముక్కలో ఆయన చెప్పింది తర్వాత ఏ చదువుకున్న డైరెక్టరూ చెప్పలేదు. అందరూ అనుకుంటారు, ప్రాంప్టింగ్ అంటే గుసగుసలాడటమని. గుసగుస దూరం పోతుందమ్మా. అందులో స, శ ఉన్నాయంటే ఈలలాగా పందిరి చివరిదాకా పోతాయి. గొంతు దించి, ఊపిరి తక్కువ వాడి, మామూలుగా పలకాలి. వాక్యమంతా అందించకూడదు, మొదటి మాట చాలు. తాడు కొస అందితే మిగతాది అతనే లాక్కుంటాడు.

వీరాస్వామి గారి గుప్పిట

మా సమాజంలో పెద్ద వేషాలన్నీ వీరాస్వామి గారివి. ఆయనది సూర్యలంక. వాళ్ళ నాన్న, అన్నలు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. అలల హోరు మీద ఒక పడవ నుంచి ఇంకో పడవకి కేకలేసి పెరిగిన గొంతు ఆయనది. బాపట్లలో మైకు పాడైపోయినా ఆట ఆగేది కాదు. అంత గొంతున్నవాడు, చిత్రం, చిన్నగా మాట్లాడినప్పుడే బాగుండేవాడు. ఇంకా బాగుండేది మాట్లాడకుండా ఆగినప్పుడు.

ఆ ఆగడం ప్రాంప్టరుకి నరకం. మర్చిపోయి ఆగాడా, కావాలని ఆగాడా? మర్చిపోయి ఆగితే అందించాలి. కావాలని ఆగితే నోరు మూసుకోవాలి. తప్పు చేశావా, అప్పటిదాకా ఆయన కట్టుకొచ్చిందంతా కూలిపోతుంది. శేషయ్య మామ ప్రతిసారీ అందించేసేవాడట, ఈయన ప్రతిసారీ పళ్ళు నూరుకునేవాడట.

నేను చేరిన వారంలోనే వీరాస్వామి గారు పక్కతెర దగ్గరికొచ్చారు. ఆయన నన్ను మొదటినుంచీ వేణీ అనేవారు. అలా పిలిచింది ఆయనొక్కరే.

"చూడు వేణీ, నా ఎడం చెయ్యి వీపు వెనకుంటది. గుప్పిట మూశాననుకో, అందించమాక. నాకు వచ్చు, ఆగుతున్నానంతే. చెయ్యి తెరిచాననుకో, మర్చిపోయానని. అప్పుడెయ్."

"జనానికి కనపడదా అండీ?"

"జనం ముందుంటారు. వెనకుండేది నువ్వొక్కదానివేగా."

అంతే. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగామో. ఆయన మొహం నటించడం నేను ఎప్పుడూ చూడలేదు, వీపే చూశాను. వీపు వెనక ఆ చెయ్యి చూశాను. గుప్పిట మూసి ఉన్నప్పుడు నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. ఆయన ఆగినంతసేపూ పందిట్లో జనమంతా ఆగేవారు, ఎందుకు ఆగారో మా ఇద్దరికే తెలిసేది. నాకు ఆ చెయ్యి అంటే ఇష్టం. ఆ మనిషంటే ఇష్టం. దాచేదేముంది ఇప్పుడు? ఆయన పెళ్ళి చేసుకున్నారు, మంచి ఇల్లాలు వచ్చింది, నేను పెళ్ళి భోజనం కూడా చేశాను. ఊరందరి మాటలూ అందించినదాన్ని, నా మాట నాకు అందించేవాళ్ళు లేకపోయారు. సమాజం మూతపడ్డాక నేను మద్రాసు రైలెక్కాను. ఆయన సూర్యలంకలో ఉండిపోయారు.

వీపు కనపడితే చాలు

డబ్బింగులో పెదవులు కదిలినంతసేపే మాట పట్టాలి. అది అందరికీ తెలిసిందే. మీకెవరూ చెప్పనిది, పెదవులు కనపడని షాట్ల గురించి. మనిషి అటు తిరిగి ఉంటే, ఏ మాటైనా కూరొచ్చు. మేం వాటిని బ్యాక్ షాట్లు అంటాం. డబ్బింగ్ వాళ్ళకి అదొక పండగ.

ఒక డైరెక్టరు దగ్గర పనిచేశాను, తెలివైనవాడే. ఏదో దేశపు సినిమాలో ఒక తల్లి, కొడుకు చనిపోయాడని విని, మనకి వీపు పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడుతుంది. ఆ బొమ్మ తీసినవాడు ఆమె చేత ఏమీ అనిపించలేదు. మనవాడు ఊరుకుంటాడా? "జనానికి బోర్ కొడుతుందండీ" అని, "అయ్యో భగవంతుడా, నా కన్నకొడుకుని తీసుకుపోయావా, ఇక నేనెవరి కోసం బతకాలి" అని రాయించాడు. నేనే అందించాను, ఆర్టిస్టు ఏడుస్తూ చెప్పింది. థియేటర్లో చూస్తే ఆ తల్లి మీద జాలి బదులు చిరాకేసింది.

మన వృత్తిలో పెద్ద జబ్బు ఇదే. మౌనమంటే భయం. ఎవరైనా ఒక్క క్షణం ఊరుకుంటే, పాపం మర్చిపోయాడేమో అనుకుని మాట కూరేస్తాం. శేషయ్య మామ పోయినా ఆయన చెవుడు మాత్రం మనందరికీ మిగిలింది.

నస్రీన్ తెచ్చిన సినిమా

పని మానేసి తెనాలి వచ్చి, టిఫిన్ చేసి, పేపరు చదివి, నిద్రపోయే రోజుల్లో నస్రీన్ వచ్చింది. వాళ్ళ నాన్నకి మా వీధి చివర టైలరింగ్ షాపు. ఆ పిల్ల హైదరాబాద్‌లో సౌండ్ చదువుకుని వచ్చి, షాపు మేడ మీద చిన్న రికార్డింగ్ గది పెట్టుకుంది. ఎలక్షన్ ప్రచారాలు, పెళ్ళి పాటలు చేస్తుంటుంది. ఆ రోజు కళ్ళు మెరిసిపోతున్నాయి.

"పిన్నిగారూ, ఒక బెంగాలీ సినిమా వచ్చిందండి. ముంబై వాళ్ళు ఫోన్‌లో చూసే యాప్‌లో వేస్తారంట. తెలుగు మొత్తం నాకే ఇచ్చారు."

పేరు చెప్పను, ఇంకా బయటికి రాలేదు. కథ మాత్రం చెబుతాను, కథంటూ పెద్దగా లేదు కాబట్టి. నది ఒడ్డున ఒక ఇల్లు. రేవులో టిక్కెట్లు ఇచ్చి రిటైరైన ముసలాయన. ఆయనకి జ్ఞాపకం జారిపోతూ ఉంటుంది. భార్య ఎదురుగానే ఉంటుంది, ఆమెని గుర్తుపట్టడు. పడవ కోసం ఆగిన ప్రయాణికురాలు అనుకుంటాడు. ఎంతో మర్యాదగా టీ ఇస్తాడు, కుర్చీ వేస్తాడు, "మా ఆవిడ ఇప్పుడే వచ్చేస్తుందండి, మిమ్మల్ని చూస్తే సంతోషిస్తుంది" అంటాడు. ఆమె దిద్దదు. టీ తాగుతుంది. వాన పడుతుంది, పడవలు వస్తాయి, పోతాయి. అంతే సినిమా.

ఆ పిల్ల గదిలోనే కూర్చుని ఇద్దరం చూశాం. నస్రీన్ అడిగింది. "ముసలాయనకి గొంతు ఎవరిదండీ? హైదరాబాద్‌లో ఒకతను ముసలి గొంతు పెడతానంటున్నాడు."

"పెట్టేదేంటి, అదేమన్నా మీసమా?" అన్నాను. "సూర్యలంక వెళ్దాం పద."

బాపట్ల దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. వీరాస్వామి గారి భార్య పోయాక ఆయన్ని మేనకోడలు ధనలక్ష్మి చూసుకుంటోంది. వాళ్ళది చేపల వ్యాపారం. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి, వాటి పక్కన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. గడ్డం నెరిసింది, మనిషి చిక్కిపోయారు. ఎడం చెయ్యి ఒళ్ళో ఉంది. నేను ముందు ఆ చేతినే చూశాను.

ధనలక్ష్మి నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, మావయ్యకి ఏదీ నిలవడం లేదండి. ఇందాక అన్నం తిన్నాడా, ఇప్పుడు మళ్ళీ అడుగుతాడు. అత్త పోయిందని చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తున్నాడు. అందుకే చెప్పడం మానేశానండి."

నస్రీన్ ఆయన ముందు గొంతుక్కూర్చుని సినిమా సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. గొంతు, ఆ గొంతు, అలాగే ఉంది. "చేస్తానమ్మా. కాకపోతే నాకు మాటలు నిలవడం లేదు. మా పక్కతెర వెనక ఒక పిల్ల ఉండేది, రేపల్లె పిల్ల. వేణి అని. ఆ పిల్ల అందిస్తే చేస్తాను. ఎక్కడుందో కనుక్కోండి."

"నేనేనండీ" అన్నాను.

ఆయన నన్ను చూసి నవ్వారు. పెద్దమనిషి ఎదుటివాళ్ళ పొరపాటుని మన్నిస్తూ నవ్వే నవ్వు. "మీరు కాదండి. ఆ అమ్మాయికి ఇంకా ఇరవై నిండలేదు."

తిరుగు రైల్లో నస్రీన్ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి వరి చేలు చూస్తున్నట్టు నటించాను. నాకప్పుడు కావలసింది ఒక్కటే. ఆయన ఆ సినిమా పూర్తి చెయ్యాలి, చెయ్యడంలో ఎక్కడో ఒక్కచోట, ఒక్కసారి, ఇది వేణి అని తెలుసుకోవాలి. ఇంకేం అక్కర్లేదు.

కుర్చీ ఎక్కడ వేయాలి

ధనలక్ష్మి ఆయన్ని తెనాలి తీసుకొచ్చింది. మొదటి రోజు చెడిపోయింది. ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెడితే పీకేశారు. నేను ఎదురుగా కూర్చుని లైను అందిస్తే, చెప్పడం మానేసి నన్నే చూస్తున్నారు. "ఎవరండీ ఈవిడ? నా మాటలు ఈవిడ చేతిలో ఎందుకున్నాయి?" అని ధనలక్ష్మిని అడిగారు. రెండో పూటకి కోపం వచ్చింది. "వేణిని పిలవండి, లేకపోతే నేను ఇంటికి పోతాను" అని లేచిపోయారు.

సాయంత్రం ముంబై నుంచి నస్రీన్‌కి ఫోను. శనివారానికి ఇవ్వకపోతే హైదరాబాద్ అతని చేత చెప్పించుకుంటామన్నారు. ఆ పిల్ల తల పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. "పిన్నిగారూ, పెద్దాయన్ని ఇబ్బంది పెడుతున్నామేమోనండి. వదిలేద్దామా?"

"ఆగవే" అన్నాను. అప్పటికి నాకు తట్టింది. పక్కతెర ఎప్పుడూ ఎదురుగా ఉండదు. ఆయన నా మొహం చూసి పనిచేసింది ఎప్పుడు కనక? ఆ వేణికి ఆయన దగ్గర మొహమే లేదు. గొంతు ఉంది, అది ఎటువైపు నుంచి వస్తుందో ఆ చోటు ఉంది.

మర్నాడు ఆయన వచ్చేసరికి మైకు దగ్గర దీపం ఒక్కటే ఉంచి, మిగతావి ఆర్పించాను. ఎడమ పక్క, ఆయన వీపు వెనక, చీకట్లో స్టూలు వేసుకుని ముందే కూర్చున్నాను. ధనలక్ష్మి ఆ లైను ఆయనకి రెండుమూడుసార్లు చదివి వినిపించింది. కూర్చోమంటే ఆయన కూర్చోలేదు, నిలబడ్డారు. తెర మీద ముసలాయన పెదవులు కదిలే ముందు, గొంతు దించి, ఊపిరి తక్కువ వాడి, మొదటి మాట వేశాను. "ఇప్పుడే..."

"ఇప్పుడే వచ్చేస్తుందండి మా ఆవిడ" అన్నారాయన. పెదవులకి సరిగ్గా పట్టింది. అద్దం అవతల నస్రీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

రికార్డింగులో పడిన నా గొంతుని నస్రీన్ తర్వాత కత్తిరించేసేది. ఆయన వెనక్కి తిరగలేదు, ఎవరని అడగలేదు. మాట వేస్తే అందుకున్నారు. మధ్యలో టీ తాగడానికి బయటికొస్తే మాత్రం నన్ను చూసి, "మీరు ఈ ఊరేనా అండీ?" అని అడిగేవారు. అవునండి అనేదాన్ని. లోపలికి వెళ్ళి మళ్ళీ చీకట్లో కూర్చునేదాన్ని.

చివరి షాట్

శనివారం మధ్యాహ్నానికి ఒక్క షాట్ మిగిలింది. ముసలాయనా భార్యా మనకి వీపులు పెట్టి కిటికీ దగ్గర నిలబడతారు. బయట నది మీద వాన. చాలాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఆయన, "ఆవిడ వచ్చేదాకా మీరు కూర్చోండి" అంటాడు. అయిపోయింది.

బ్యాక్ షాట్ కదా, నస్రీన్ మౌనంలో నాలుగు మాటలు రాసుకొచ్చింది. వాన గురించి, పడవల గురించి. నేను దెబ్బలాడాను. "అది కాదు పిన్నిగారూ, ఫోన్‌లో చూసేవాళ్ళు ఇంతసేపు మాట లేకపోతే నెట్ ఆగిపోయిందనుకుంటారండి" అంది. డైరెక్టరు ఆ అమ్మాయి. సరే అన్నాను. అసలు చివరి మాట మాత్రం పొద్దుటినుంచీ ఆయన చెవిన వేస్తూనే ఉన్నాను.

బొమ్మ మొదలైంది. తెర మీద రెండు వీపులు, వాటి ముందు వీరాస్వామి గారి వీపు. నేను వాన మాట అందించడానికి నోరు తెరిచాను.

ఆయన ఎడం చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. వీపు మీద ఆగింది. గుప్పిట మూసుకుంది.

నోరు మూసేశాను. అద్దం అవతల నస్రీన్ చేతులు ఊపుతోంది, అందించండి, అందించండి అని. నేను తల అడ్డంగా ఊపాను. ఆ బెంగాలీ నటుడు ఎంతసేపు ఆగాడో ఈయనా అంతసేపు ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను. ఆ గదిలో నస్రీన్, ధనలక్ష్మి, అందరూ ఆగిపోయారు. ఎందుకు ఆగారో మా ఇద్దరికే తెలుసు.

"ఆవిడ వచ్చేదాకా..." అన్నారు. చిన్నగా, పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేంత చిన్నగా. "మీరు కూర్చోండి."

తెర మీద వాన అలా పడుతూనే ఉంది. తర్వాత మాటలేం లేవు. నస్రీన్ కళ్ళు తుడుచుకుంటూ, తను రాసిన కాగితం మడిచి పక్కన పెట్టేసింది. అంతలో ఆయన గుప్పిట విచ్చుకుంది. చెయ్యి తెరిచి, వెనకే ఉంచారు. ఎయ్ అన్నట్టు. తర్వాత మాట నాకు గుర్తులేదు, నువ్వెయ్ అన్నట్టు.

నా దగ్గర కాగితం అయిపోయింది. ఆ చెయ్యి అలా ఎదురుచూస్తోంది. జన్మలో మొదటిసారి, ఎవరూ రాయని మాట ఒకటి నేనే వేశాను. తొందరలో గొంతు కాస్త పెరిగింది కూడా.

"నేనేనండీ. వేణిని."

ఆయన వెనక్కి తిరగలేదు. తల కొంచెం ఎడమకి వంచారు, పక్కతెర వైపు, ఎప్పుడూ వంచినట్టే.

"తెలుసులే వేణీ. గట్టిగా అనమాక, ముందు వరసకి వినపడుద్ది."